మీగడ తీసిన పాలు

"మీగడ ఎవరు తీశారు?"

అత్తగారు ఈ మాట అడగటం పొద్దుటి నుంచి ఇది ఎన్నోసారో. మొదట వంటింట్లో అడిగారు, తర్వాత పెరట్లో అడిగారు. ఇప్పుడు పని గదిలో, కంబళి పరిచిన పొడుగాటి బల్లకు అవతల నిలబడి కోడలి మొహంలోకి చూస్తూ అడుగుతున్నారు.

"నేను తియ్యలేదత్తయ్యా. మీరు తెచ్చి పెట్టిన పాలు తెచ్చినట్టే కరక్కాయ నీళ్ళలో పోశాను."

"మరి బట్ట ఇలా ఎందుకు తగలడింది?"

బల్ల మీద పట్టుచీర పరిచి ఉంది. పైటచెంగు నిండా అమ్మవారు. చీర కట్టుకుంటే తల భుజం వైపు, పాదాలు చెంగు కొస వైపు వచ్చేలా గీసిన నిలువెత్తు బొమ్మ. కిరీటం కుదిరింది, కమ్మలు కుదిరాయి, మెడలో హారం పూస పూసకూ విడిగా కనిపిస్తోంది. మొహం దగ్గరికి వచ్చేసరికి ఎడమ కంటి కొసన నల్లరంగు ముద్దగా దిగి, బుగ్గ మీదుగా గడ్డం దాకా పాకింది. చూసినవాళ్ళకు అమ్మవారు కాటుక చెదిరిపోయేలా ఏడ్చినట్టుంది.

ఇనుప ముక్కలు, బెల్లం కలిపి ఊరబెట్టి తీసిన నలుపు అది. పట్టు మీద ఒకసారి పడిందంటే ఉతికినా పోదు, మొత్తుకున్నా పోదు. అది పాకకుండా ఉండాలనే బట్టను ముందుగా కరక్కాయ, చిక్కటి పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. పాలల్లో వెన్న ఉంటే గీత గీసినచోటే నిలుస్తుంది. వెన్న లేకపోతే గీత ఊరంతా తిరిగొస్తుంది.

ఆ పాలు పట్టిన చెయ్యి కోడలిది. కాబట్టి తప్పు కోడలిది. లెక్క ఇంత సులువుగా తేలిపోతే ఇక తీర్పుకు ఆలస్యమేముంది?

"పెరుగులోకో టీలోకో ఓ గరిటెడు తీసి ఉంటావు. తీశానని ఒప్పుకుంటే నీ సొమ్మేం పోయింది?"

"తీస్తే ఒప్పుకునేదాన్ని."

"పిల్లి కూడా కళ్ళు మూసుకునే తాగుతుంది."

"నేను కళ్ళు తెరిచే ఉన్నానత్తయ్యా. మీరే నా వైపు చూసి మాట్లాడండి."

"చూస్తూనే ఉన్నా కదే, పొద్దుటి నుంచి!"

కోడలు తల తిప్పి మామగారి వైపు చూసింది. పెద్దాయన కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వీధిలో పోయే సైకిళ్ళు చూస్తున్నారు. గుడి గోడలకు వేలాడే తెరలు గీసి పేరు తెచ్చుకున్న మనిషి. ఈ ఇంట్లో తీగలు, పువ్వులు, చిలకలు, అమ్మవారి నగలు ఎవరైనా గీయొచ్చు. రంగులు ఎవరైనా నింపొచ్చు. దేవుడి మొహం మాత్రం ఇంటి పెద్దే గీయాలి. ఆయన తండ్రి పెట్టిన నియమం అది. ఈ పాడైన మొహం గీసింది కూడా ఆయనే, నిన్న సాయంత్రం.

ఆయన కుడిచెయ్యి ఒళ్ళోని తువ్వాలు కింద ఉంది.

"మామయ్యా, మీరైనా చెప్పండి. నేను అలాంటిదాన్నా?"

ఒక్క మాట చాలు. 'అమ్మాయి అలా చెయ్యదే' అంటే చాలు. పెద్దాయన ఎడంచేత్తో కిటికీ చువ్వ మీది దుమ్ము తుడిచారు. ఆ దుమ్ము ఇవాళే కనిపించినట్టు వేలు తిప్పి చూసుకున్నారు.

"జరిగిందేదో జరిగింది. వదిలెయ్యండి."

వదిలెయ్యమన్నారే గానీ, నిందను ఎక్కడ వదలాలో చెప్పలేదు. అది కోడలి నెత్తి మీదే ఉండిపోయింది.

"వదిలేస్తాను, నాకేం?" అన్నారు అత్తగారు. "ఇకమీదట బట్టలకు పాలు పట్టే పని నేను చూసుకుంటాను. నువ్వు వంటిల్లు చూసుకో అమ్మాయ్. ఈ గదిలో నీకు పని లేదు."

తిట్టు ఎంత పెద్దదైనా తుడిచేసుకోవచ్చు. ఇది తిట్టు కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో కలం పట్టుకోవటం కూడా రాని పిల్ల, పాత గుడ్డల మీద గీసి గీసి తీగ నేర్చుకుంది. తీగ తర్వాత పువ్వు, పువ్వు తర్వాత హంస. మొన్నీ మధ్య పెద్దాయన ఆమె గీసిన అంచు ముందు ఆగి 'చెయ్యి కుదిరింది' అన్నారు. ఆ రెండు మాటలనూ ఆమె ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. ఏదో ఒకరోజు మొహం గీయమంటారని ఆశపడింది. ఇప్పుడు ఈ గది గడపే తొక్కొద్దంటున్నారు.

* * *

పెరట్లో సిమెంటు తొట్టి దగ్గర భర్త తడిబట్టలు జాడిస్తున్నాడు. ఇంటి పనిలో రంగులు కాచటం, ఉతకటం అతని వంతు. అతనికి ఆమె మనసులో పెట్టుకున్న పేరు 'సర్దుబాటు'. ఏ ఇద్దరు పోట్లాడుకున్నా మధ్యకు వచ్చి ఇద్దర్నీ సర్దుకోమంటాడు. ఆపైన తను పక్కకు సర్దుకుంటాడు.

"విన్నారా?"

"కుళాయి చప్పుడులో సగమే వినపడింది."

"వినపడ్డ సగానికి ఏం చేశారు?"

అతను కుళాయి కట్టేశాడు. "అమ్మ సంగతి నీకు కొత్తా? నాలుగు రోజులు పోతే తనే పిలుస్తుంది. అప్పటిదాకా కాస్త సర్దుకో."

"ఎక్కడికి సర్దుకోను? పొయ్యి పక్కకా, పప్పుల డబ్బాల వెనక్కా?"

"అబ్బ, అన్నిటికీ అలా విరుచుకుపడతావేం?"

"నేను విరుచుకుపడ్డానా? పొద్దుటి నుంచి ఇంటిల్లిపాదీ నా మీద పడితే, విరుచుకుపడింది నేనా?"

ఆమెకు కోపం వస్తే ఆ మనిషి బట్టలోకి దూరిపోతాడు. పిండిన బట్టనే మళ్ళీ పిండుతున్నాడు.

"ఒక్కటి చెప్పండి," అందామె గొంతు తగ్గించి. "ఆ చీర అంచున తీగ నేను గీసింది. అదే బట్ట, అవే పాలు, అదే నలుపు. ఒక్క ఆకు చెదిరిందా?"

"పాలు అన్నిచోట్లా ఒకేలా పట్టవు. వెన్నంతా ఒక కొసకే పట్టి ఉంటుంది."

"అమ్మవారి మొహానికి జానెడు దూరంలో ఉంది నా తీగ. ఆ జానెడులోనే వెన్న ఆగిపోయిందా?"

అతను తలెత్తలేదు. ఆమె అనుకున్నది వేరు. ఈ మాట వినగానే 'అరె, నిజమే కదూ' అంటాడని, చేతిలో బట్ట వదిలేసి గదిలోకి పరుగెత్తి చూస్తాడని అనుకుంది. అతనికి ఆశ్చర్యమే కలగలేదు. అది ఆమెకు వింతగా తోచింది.

"చీర చూసుకోవటానికి మధ్యాహ్నం పాటల మేడమ్ వస్తున్నారు. ఆవిడ వచ్చి వెళ్ళేదాకా ఆ మాట ఎత్తకు."

"మీ అమ్మగారు ఎత్తితే?"

"ఎత్తదు. బయటివాళ్ళ ముందు అమ్మ ఎందుకు ఎత్తుతుంది?"

* * *

ఎత్తారు. ఆ వచ్చినావిడ చెప్పులు విడవకముందే ఎత్తారు.

"ఏం చెప్పమంటారు మేడమ్, మా ఇంట్లో పాలకే దిక్కు లేకుండా పోయింది. మీగడ తీసేసిన నీళ్ళపాలు పట్టింది మా కోడలు. చీర నాశనమైంది."

పాటల మేడమ్ గుళ్ళలో భక్తిపాటలు పాడే మనిషి. గొంతుకు ఆపరేషన్ జరిగి చాన్నాళ్ళు మౌనంగా ఉండిపోయి, ఇప్పుడు మళ్ళీ పాడబోతోంది. పెద్దాయన చేత్తో గీసిన అమ్మవారిని భుజాన వేసుకునే మొదటి పాట పాడతానని మొక్కుకుంది. ఆ చీరే ఇది.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని బల్ల మీదికి వంగింది. మచ్చను చూసింది. దాని పక్కనున్న తీగనూ చూసింది. కోపం తెచ్చుకోలేదు. అదే కోడలికి ఇంకా కష్టంగా అనిపించింది. తిడితే ఎదురు చెప్పొచ్చు.

"పోనీలెండి," అందావిడ కాస్త బొంగురు గొంతుతో. "నా గొంతు చెడినప్పుడు నేనూ మొదట మైకులవాణ్ణే తిట్టాను. రోజూ తిట్టాను. పాపం, వాడి మైకు బాగానే ఉంది."

తనే నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు. పెద్దాయన తువ్వాలు సర్దుకున్నారు.

"కానీ నాకు మొహం మాత్రం మీ చేత్తోనే కావాలండీ. మొక్కు అలాంటిది."

"గీస్తాను," అన్నారు పెద్దాయన. "ఇంకో పట్టు సిద్ధంగా ఉంది. ఈసారి ముందు మొహమే గీస్తాను. అది కుదిరాకే మిగతా బొమ్మ. ముందు గదిలో కూర్చోండి, చూసి వెళ్దురుగాని."

ఆయన నోటి నుంచి ఆ మాట వచ్చిందో లేదో, అత్తగారు అలమర తెరిచి మడత పెట్టిన పట్టు తీశారు. పాత చీర పక్కకు లాగి కొత్తది బల్ల మీద పరిచి, రెండు చేతులతో ముడతలు లేకుండా సవరించారు. టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చిన కోడలు అది చూసి ఆగిపోయింది.

లేత పసుపు తేలిన పట్టు. ఆ రెండు బట్టలనూ ఒకే గిన్నెలో, ఒకే పాలల్లో, ఒకేసారి ముంచింది తనే. ఒకే దండెం మీద ఆరేసింది. ఆ రోజు పక్కన నిలబడి క్లిప్పులు అందించింది అత్తగారే.

"అత్తయ్యా," అంది మెల్లిగా, ముందు గదిలో ఉన్న మేడమ్‌కు వినపడకుండా. "ఇదీ ఆ పాలల్లో ముంచిందే కదా."

పట్టు మీద అత్తగారి చేతులు ఆగాయి.

"ఆ పాలు చెడ్డవైతే దీని మీద గీయమని ఎలా ఇస్తున్నారు?"

"టీ చల్లారిపోతోంది," అన్నారు అత్తగారు అటు తిరిగి. "మేడమ్‌కి ఇచ్చి రా."

అత్త పగలగొడితే అడుగోటి కుండ, కోడలు పగలగొడితే కొత్తకుండ అంటారు. ఈ ఇంట్లో ఆ సామెత కూడా చాలలేదు. కుండ పగలనే లేదు, కోడలి చేతిలో పెంకులు పెట్టేశారు.

* * *

"అమ్మాయ్, నువ్వు లోపలికి రా. తలుపు వెయ్యి."

పిలిచింది పెద్దాయన. కోడలు మేడమ్‌కు టీ ఇచ్చి, పళ్ళెం కింద పెట్టి వెళ్ళింది. అప్పటికే ఆయన కొత్త పట్టు మీద బొగ్గుపుల్లతో మొహం చాయ గీసి పెట్టారు. కాస్త వణికిన గీతలే గానీ, బొగ్గు దులిపితే పోతుంది కాబట్టి దానికి భయం లేదు.

ఆయన తువ్వాలు తీసి పక్కన పెట్టారు. కుడిచేత్తో వెదురు కలం తీసుకుని నల్లరంగులో ముంచారు. కలం మొన పైన గుడ్డ చుట్టి ఉంటుంది. రంగు దాచుకునేది ఆ గుడ్డే. దాన్ని వేళ్ళతో ఎంత నొక్కితే అంత రంగు దిగుతుంది. సన్నగీత కావాలంటే నొక్కీ నొక్కనట్టు నొక్కాలి.

ఒక చింకి గుడ్డ మీద గీయబోయారు. రంగు ఒక్కసారిగా బొట్టు కట్టి జారింది. ఇంకోసారి. ఇంకోసారి.

"నొక్కుతున్నానో లేదో నాకు తెలియటం లేదమ్మా. ఈ రెండు వేళ్ళూ నావి కానట్టున్నాయి."

కోడలు ఆ మచ్చల వైపు చూస్తూ నిలబడింది. జాలి వేసింది. ఆ జాలిని తోసుకుంటూ కోపం వచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"చలికాలం నుంచి. నరం అన్నాడు డాక్టరు. తగ్గితే తగ్గొచ్చు, లేకపోతే లేదు అన్నాడు."

"పొద్దున అత్తయ్య నన్ను అన్నేసి మాటలు అంటుంటే, మీరు ఒక్క మాట..."

"అందామనే అనుకున్నాను. నోరు రాలేదు."

ఆయన కలం తిప్పి, మొన తన వైపు పెట్టుకుని, ఆమెకు అందించారు.

"మొహం నువ్వు గీయి."

ఈ మాట కోసం ఆమె ఎంత కాచుకుని ఉందో ఆయనకు తెలియదు. తెలిస్తే ఇలా అడిగేవారు కాదేమో. చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళింది.

"నిజంగానా మామయ్యా?"

"నీ తీగ చూశాను. నీ చెయ్యి నిలుస్తుంది." ఆయన తలుపు వైపు చూశారు. "బయట మాత్రం నేను గీశాననే అందాం. ఆవిడ మొక్కు కదా."

ముందుకెళ్ళిన చెయ్యి అక్కడే ఆగింది.

"మరి ఆ మొదటి చీర?"

ఆయన కలం బల్ల మీద పెట్టేశారు.

"పాల మాట అలాగే ఉంటుందా?"

"ఉండనీలే. నాలుగు రోజులు పోతే ఎవరికి గుర్తుంటుంది?"

"అందరికీ గుర్తుంటుంది. జుట్టు నెరిసినా నేను ఈ ఇంట్లో మీగడ మెక్కిన కోడల్నే." ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "అంటే, చెయ్యి నాది, పేరు మీది. మచ్చ మీది, తప్పు నాది. అంతేనా మామయ్యా?"

పెద్దాయన కుర్చీలో కూలబడ్డారు. ఆమె వెళ్ళి తలుపు తీసింది.

తలుపు అవతల అత్తగారే ఉన్నారు, చెక్కకు చెవి ఆనించినంత దగ్గరగా.

"లోపలికి రండత్తయ్యా. మామయ్య మీకు ఒక మాట చెప్పాలట."

"ఆయనేం చెప్పక్కర్లేదు." అత్తగారి గొంతు తగ్గిపోయింది. "రోజూ చొక్కా గుండీలు పెట్టేది నేను. అన్నం కలిపి పెట్టేది నేను. నాకు తెలీదా?"

పెద్దాయన భార్య వైపు చూశారు. ఆమెకు తెలుసని ఆయనకూ ఇప్పుడే తెలిసినట్టుంది.

"తెలిసే అన్నారా నన్ను?" అంది కోడలు. "తెలిసే పొద్దుటి నుంచి ఇల్లంతా తిప్పి తిప్పి అడిగారా?"

"మరేం చెయ్యమంటావే? ఆ మచ్చ చూడగానే నా గుండె జారిపోయింది. చెయ్యి పోయిందని నలుగురికీ తెలిస్తే ఈయన మనిషిగా మిగులుతాడా? పాల మీదికి తోసేస్తే పోతుందనుకున్నాను." అత్తగారు పైటతో ముక్కు తుడుచుకున్నారు. "పాలు నీ చేతిలో ఉన్నాయి. నేనేం చెయ్యను?"

పెరటి గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడు. చేతిలోని తడిబట్ట నుంచి నీళ్ళు కారి నేల మీద మడుగు కడుతున్నాయి. ఆమె అతన్ని ఏమీ అడగలేదు. చూసింది, అంతే.

"నాన్న బాధపడతారని..." అన్నాడతను.

తను తప్పు చెయ్యలేదని ఈ ఇంట్లో తనకొక్కదానికే తెలుసనుకుని పొద్దుటి నుంచి ఏడుపు దిగమింగుకుంది. ఎవరూ నమ్మటం లేదనుకుంది. అందరికీ తెలుసు. నమ్మనివాళ్ళనైతే నమ్మించవచ్చు, తెలిసినవాళ్ళకు ఏం చెప్పాలి? ఆమెకు అరవాలనిపించింది. అరిస్తే ముందు గదిలోకి వినపడుతుందని నోరు మూసుకుంది. అప్పుడు కూడా ఈ ఇంటి పరువే గుర్తొచ్చినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

"అమ్మాయ్," అత్తగారు ఆమె మోచెయ్యి పట్టుకున్నారు. "ఈ గదిలో పని లేదన్నాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. గది నీదే. కూర్చుని గీయి తల్లీ. ముందు ఆ తలుపు వెయ్యి."

కోడలు చెయ్యి విడిపించుకుంది. బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. చింకి గుడ్డ మీద కలం ఒకసారి ఒత్తి, ఎక్కువ రంగు దించేసింది.

"తలుపు..."

"తీసే ఉండనివ్వండి."

బొగ్గు చాయ మీద ఎడమ కనుబొమ్మ మొదలుపెట్టింది. గీత సన్నగా సాగింది, వంపు తిరిగింది, కొసన తేలిపోయింది. ఎక్కడా పాకలేదు. తడిలో లేతగా ఉన్న నలుపు చూస్తుండగానే చిక్కబడింది. పెద్దాయన కుర్చీలో నుంచి లేచి, తెలియకుండానే ఒక అడుగు ముందుకు వేశారు. ఆయన మొహంలో సంతోషమో, దుఃఖమో చూసే తీరిక కోడలికి లేదు.

గుమ్మంలో గాజుల చప్పుడైంది. ఖాళీ గ్లాసు చేత్తో పట్టుకుని పాటల మేడమ్ నిలబడి ఉంది. బల్ల ముందు కూర్చున్న కోడలినీ, ఆమె చేతిలోని కలాన్నీ, వెనక నిలబడ్డ పెద్దాయననూ మార్చి మార్చి చూసింది.

"అదేమిటి? మొహం ఎవరు గీస్తున్నారు?"

అత్తగారు కోడలి వైపు చూశారు. భర్త కోడలి వైపు చూశాడు. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కించమని ఇద్దరి కళ్ళూ బతిమాలుతున్నాయి. పెద్దాయన నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచారు.

కోడలు బట్ట మీది నుంచి తల ఎత్తలేదు. రెండో కనుబొమ్మ దగ్గర కలం ఆనించింది.

"మామయ్యా, మేడమ్ మిమ్మల్నే అడుగుతున్నారు."